గొంతు మీద పాట

మూడున్నరకి జెట్టీ లైట్ల కింద
ముందు ఒడ్డెక్కేది నా గొంతే,
బోట్లు ఆ ఎనకాల.
ఇరవైరెండేళ్లుగా హార్బర్లో పాట పెడతన్నాను.
కొవిరి మసేనమ్మ పాటంటే
ఆ సివర ఐసు కొట్టేవోడికీ ఇనపడాల.
ఒకటోసారి, రెండోసారి,
మూడోసారి అన్నాక దేవుడొచ్చినా బేరం నేదు.

నాగులచవితి ఎల్లాక గొంతు బొంగురుపోయింది.
మంచు అనుకున్నాను.
సివరాత్రి దగ్గరికొచ్చీసినా
ఆ మంచు కరగనేదు.

అప్పుడు మొదలయింది నా గొంతు మీద పాట.
"కరక్కాయ బుగ్గనెట్టుకో," ఎండుసేపల పైడితల్లి.
"మిరియాలూ తాటిబెల్లం," దాని తోటికోడలు ఇంకో మాట ఎక్కించింది.
ఐసు ఫ్యాక్టరీ గుమస్తా ఫోన్లో వీడియో సూపించినాడు,
ఎవరో గెడ్డపాయన మెడకి ఉల్లిపాయ కట్టుకుంటన్నాడు.
మందుల షాపు గుంటడు నోట్లోకి సూడకండానే
పచ్చవి మూడు, ఎర్రవి మూడు కత్తిరించి ఇచ్చినాడు.
దిష్టన్నారు. మిరపకాయలు తిప్పి పొయ్యిలో ఏసినారు.
వీధి వీధంతా దగ్గింది,
ఐనా ఘాటు రానేదు సూడన్నారు.

మా ఆడపడుసు ఒక్కతే నా చెవికాడికొచ్చి
"మా ఊరి అప్పలకొండకీ ఇలాగే మొదలయింది" అని
ఆపీసింది.
ఆ మాట మీద ఎవలూ పాడనేదు.
ఆ రాత్రి నాను పడుకోనేదు.

అన్నీ తిన్నాను, తాగినాను.
ఉల్లిపాయా కట్టుకున్నాను, నవ్వితే నవ్వండి.
ఒక తెల్లారి వంజరాల కుప్ప ముందు
"మూడోసారి" అనబోతే గాలొచ్చింది, మాట రానేదు.
పద్దెనిమిది వేల సరుకు పదమూడుకి పోయింది.

ఆ కొన్నోడు ఏటి సేసినాడంటే
డబ్బులు తీసే ముందు వొంగి
సేప మొప్ప ఎత్తి సూసినాడు.
ఎర్రగున్నాదా, పాలిపోయిందా.
మా గుంటలకి అక్షరాల కన్నా ముందు నేర్పేదదే.
మొప్ప ఎత్తకండా కొన్నోడిని ఎర్రోడంటాం.
మూడు నెల్లు నా గొంతుకి అందరూ ధర కట్టినారు.
మొప్ప ఎవలెత్తినారు?

నీసు వాసన సీరతోనే ఆటో ఎక్కినాను,
పెదవాల్తేరు, చెవి ముక్కు గొంతు ఆసుపత్రికి.
సీటీ, లైను. నా ముందు
ముక్కులో సెనగ్గింజ దూర్చుకున్న గుంటడొకడు.
డాక్టరమ్మ సిన్నది, మా మేనకోడలి ఈడు.
"అడ్డచుట్ట కాలుస్తారా?" అంది.
అంతమందిలో ఎవలూ అడగని మాట.
మానీసినానని అనబోయి
రోజుకి రెండన్నాను.

ముక్కులోంచి గేలం తాడంత గొట్టం దించింది.
టీవీలో నా గొంతు.
తడిగా, ఎర్రగా, మజ్జిన రెండు తెల్ల పోగులు.
"ఈ అనండి" అంటే దగ్గరికొచ్చి
ఊపిరికి యిడిపోతన్నాయి,
గంపలో ఇంకా బతికున్న సేప మొప్పల్నాగ.
ఇరవైరెండేళ్లు వందలమందిని లొంగదీసింది
ఇంత సన్నంగా ఉంటాదనుకోనేదు.
ఎడం దాని మీద
ఆవగింజ కన్నా కాస్త పెద్దది ఏదో ఉన్నాది.

"ఇదేటమ్మా?"
"తెలీదు" అంది.

మూడు నెల్లలో ఆ మాటన్న మొదటి మనిషి.
"చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతాను.
తెలిశాకే మందు. అప్పటిదాకా అరవకండి."
భయం పోనేదు. కానీ
దానికిప్పుడు ఒక చోటున్నాది,
ఎడం పక్క, ఆవగింజ కాడ.
ఒళ్లంతా తిరగడం మానీసింది.

ముక్క తీసినారు. గురువారం రమ్మన్నారు.

పాట ఇప్పుడు మేనకోడలు ఎర్నమ్మ పెడతంది.
గొంతు పల్సన, అంకెలు మింగీస్తంది.
పక్కన నించోని ఏళ్లు సూపిస్తన్నాను.
పైడితల్లొచ్చి "ఏటన్నారప్పా?" అంది.
తెల్దంట, సూస్తన్నారు, అని సెయ్యి తిప్పినాను.
"ఐతే ఈలోగా పాలల్లో పసుపు..."
ఏలు మూతి మీదెట్టి ఆపినాను,
దాని మూతి మీద.

సీటీ రొంటిన ఉన్నాది, డబ్బుల సంచి కింద,
తడవకండా కవరు సుట్టి.
డాల్ఫిన్ నోసు కాడ బోటు లైటు మలుపు తిరిగింది.
ఎర్నమ్మ నాకేసి సూసింది.
ఒకటో ఏలెత్తినాను.